ఏబీఎల్1ను ‘క్యాన్సర్ జన్యువు’ అనవచ్చునా? ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ కైనేజ్ చేసే పని ఏమిటి?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. తెలుగు మాధ్యమం విద్యార్థుల కోసం కణ సంకేతాల మీద నోట్సు తయారుచేస్తూ, ‘ఏబీఎల్1 అనేది దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకీమియాను (ఒక రకం రక్తక్యాన్సర్‌ను) కలిగించే జన్యువు’ అని ఒక వాక్యం రాసి, కిందటి వారం తరగతిలో అదే చదివి వినిపించాను. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, “సార్, క్యాన్సర్ తెప్పించే జన్యువైతే దాన్ని మనమందరం పుట్టుకతోనే ఎందుకు మోస్తున్నాం?” అని అడిగింది. ఏదో చెప్పి ఆ పూటకు గట్టెక్కాను గాని, ఇంటికి వచ్చి నా వాక్యాన్ని మళ్లీ చదువుకుంటే అది నాకే నచ్చలేదు.

నాకు తెలియవలసినవి రెండు. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఏం చేస్తుంది? అది అంత ముఖ్యమైనదే అయితే, దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రను రోగులు ఏళ్ల తరబడి వేసుకుంటూ కూడా మామూలుగా ఎలా బతకగలుగుతున్నారు? పాఠ్యపుస్తకంలో ఉన్నంత వరకు నాకు తెలుసు కనుక, దయచేసి అంతకంటే లోతుగా చెప్పగలరు.

విశ్రాంత మాస్టారు

మీ విద్యార్థిని అడిగినది మంచి ప్రశ్న. ఆ గందరగోళం పేరు పెట్టిన రోజునే మొదలైంది. 1970లో హెర్బర్ట్ ఏబెల్సన్, లూయీజ్ రాబ్‌స్టైన్ అనే ఇద్దరు ఎలుకలలో లింఫ్ కణాల క్యాన్సర్‌ను కలిగించే ఒక వైరస్‌ను వర్ణించారు. తరువాత తేలిందేమిటంటే, ఆ వైరస్‌లో ఉన్న ప్రమాదకరమైన భాగం వైరస్ సొంతం కానే కాదు; ఎలుక కణంలోని ఒక మామూలు జన్యువు నుంచి అది ఎత్తుకుపోయిన ముక్క. ఏబెల్సన్ పేరు నుంచి తీసిన మూడు అక్షరాలే ఆ జన్యువుకు, తరువాత మనిషిలోని దాని జోడుకు కూడా పేరయ్యాయి. దొంగ దగ్గర దొరికిన చెంబును ‘దొంగ చెంబు’ అని పిలవడం అలవాటైపోయి, అసలు ఇంట్లో ఆ చెంబుతో ఏం చేసేవారన్నది చాలా ఏళ్లు ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇక కైనేజ్ అంటే, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు చివరన ఉన్న ఫాస్ఫేట్‌ను తీసి మరో అణువుకు తగిలించే ఎంజైము. ప్రొటీన్ కైనేజ్ ఆ ఫాస్ఫేట్‌ను మరో ప్రొటీన్ మీద పెడుతుంది. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్ ఆకారం మారుతుంది, లేదా మరొక ప్రొటీన్ వచ్చి పట్టుకోవడానికి దాని మీద కొత్తగా ఒక చోటు ఏర్పడుతుంది; కణం లోపల కబురు నడిచే ముఖ్యమైన దారులలో ఇదొకటి. మనిషిలో ఇటువంటి కైనేజ్‌లు 500కు పైగా ఉన్నాయి. వాటిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద మాత్రమే ఫాస్ఫేట్ పెట్టేవి సుమారు 90, మన ఏబీఎల్1 వాటిలో ఒకటి. మిగిలినవి చాలావరకు సెరిన్, థ్రియోనిన్ల మీద పనిచేస్తాయి.

టైరోసిన్ మీద కూడా ఫాస్ఫేట్ తగులుతుందని తెలిసిన సందర్భం వినదగినది. 1979లో టోనీ హంటర్ అనే శాస్త్రవేత్త, అణువులను విడదీసే ప్రయోగానికి కొత్త బఫర్ (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) కలుపుకోవడానికి బద్ధకించి పాతదే వాడారు. అది నిలవ ఉండడం వల్ల పీహెచ్ 1.9 ఉండవలసినది 1.7కు దిగిపోయింది. ఆ తేడా వల్లనే, అంతవరకు ఫాస్ఫో-థ్రియోనిన్‌తో కలిసిపోయి కనిపించిన ఫాస్ఫో-టైరోసిన్ విడిగా ఒక మచ్చగా బయటపడింది. మరుసటి ఏడాదే, 1980లో, ఓవెన్ విట్టే, డేవిడ్ బాల్టిమోర్ తదితరులు ఏబెల్సన్ వైరస్ ప్రొటీన్ కూడా టైరోసిన్ మీదే ఫాస్ఫేట్ పెడుతుందని చూపించారు.

ఒక్క పక్కమాట చెప్పి ముగిస్తాను. ఈ కైనేజ్‌లన్నీ ఖర్చుపెట్టే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. ఆయన బృందమే తయారుచేసిన ఎమినోప్టెరిన్ అనే మందును 1948 నాటికి ల్యూకీమియా పిల్లలకు వాడారు. ఈ చర్చకు రెండు వైపుల నుంచీ చుట్టమైన పేరు కనుక చెప్పాలనిపించింది.

అణునిర్మాణం

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా ప్రొటీన్ నిర్మాణం నుంచి మొదలుపెడతాను. నా దృష్టిలో ఏబీఎల్1 కథలో ఎక్కువ భాగం అది ఎలా పనిచేస్తుందన్నది కాదు, ఎలా పనిచేయకుండా ఊరుకుంటుందన్నది.

ఈ జన్యువు 9వ క్రోమోజోము పొడుగు చేతి చివర, 9క్యూ34 అనే చోట ఉంటుంది. దాని మొదటి ఎక్సాన్‌కు (ప్రొటీన్ తయారీకి పనికివచ్చే జన్యు ముక్కకు) రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నందువల్ల, 1ఏ, 1బీ అని రెండు రకాల ప్రొటీన్లు తయారవుతాయి. మొదటిదానిలో 1130, రెండవదానిలో 1149 అమైనో ఆమ్లాలు ఉంటాయి. రెండింటిలోనూ మొదట ఒక టోపీ వంటి భాగం, తరువాత ఎస్‌హెచ్3, ఎస్‌హెచ్2 అనే రెండు చిన్న ముద్దలు, ఆ తరువాత అసలు పనిచేసే కైనేజ్ భాగం, చివరన పొడవాటి తోక వరుసగా ఉంటాయి.

1బీ రూపంలో టోపీ కొసకు 14 కార్బన్ల కొవ్వు ఆమ్లం ఒకటి తగిలించి ఉంటుంది. దాన్ని మిరిస్టిక్ ఆమ్లం అంటారు. జాజికాయకు శాస్త్రీయనామం మిరిస్టికా, ఆ కొవ్వు మొదట దొరికింది అక్కడే గనుక ఆ పేరు. చాలా ప్రొటీన్లలో ఇటువంటి కొవ్వు కొస కణత్వచంలో గుచ్చుకోవడానికి పనికి వస్తుంది. ఏబీఎల్1 మాత్రం దాన్ని తన సొంత కైనేజ్ భాగం అడుగున ఉన్న లోతైన గుంటలోకే దూర్చుకుంటుంది. కొవ్వు కొస ఆ గుంటలో కూర్చోగానే పక్కనున్న ఒక హెలిక్స్ (మరచుట్టులా ఉండే భాగం) వంగుతుంది. అది వంగితే తప్ప ఎస్‌హెచ్2 వచ్చి కైనేజ్ వీపుకు ఆనుకోలేదు. ఎస్‌హెచ్2 ఆనుకున్నాక దాని పైన ఎస్‌హెచ్3 మరో బిగింపు వేస్తుంది. తలుపుకు లోపలివైపు అడ్డగడియ వేసుకున్నట్లు, ఈ ఎంజైము తనను తానే వెనకనుంచి బిగించుకుని ఉంటుంది. ఈ బిగింపు బొమ్మ ఎక్స్-కిరణాల స్ఫటికశాస్త్రం ద్వారా 2003లో వెలువడింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కాగితం పక్కన పెట్టలేకపోయాను.

కణానికి అవసరం వచ్చినప్పుడు మరో ప్రొటీన్ వచ్చి ఎస్‌హెచ్2ను గాని ఎస్‌హెచ్3ను గాని తనవైపు లాగుతుంది, గడియ ఊడుతుంది, కైనేజ్‌లోని వంచుకున్న లూప్ మీద ఒక టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగులుతుంది, ఎంజైము మేలుకుంటుంది. పని పూర్తయ్యాక ఫాస్ఫటేజ్‌లు ఆ ఫాస్ఫేట్‌ను తుడిచివేస్తాయి. ఇదంతా క్షణికం. విశ్రాంతిలో ఉన్న మామూలు కణంలో టైరోసిన్ మీద ఉన్న ఫాస్ఫేట్లు మొత్తం ఫాస్ఫేట్లలో నూటికి ఒక వంతు కన్నా ఎంతో తక్కువ అన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ కైనేజ్‌లను కణం ఎంత పొదుపుగా వాడుకుంటుందో అర్థమవుతుంది.

కనుక మీ వాక్యంలోని లోపం ఏమిటంటే, గడియ ఊడిపోయిన తలుపును చూసి తలుపునే నేరస్థురాలిని చేయడం.

సందేహాల పుట్ట

అణునిర్మాణం గారి వివరణ బాగుంది గాని నాకొక అడ్డుప్రశ్న ఉంది. కొవ్వు కొస ఉన్నది 1బీకి మాత్రమే అన్నారు. అలాగైతే 1ఏ రూపం ఎల్లప్పుడూ మేలుకునే ఉండాలి, అందరికీ ల్యూకీమియా రావాలి. అలా జరగడం లేదు కదా?

అణునిర్మాణం

మీరు సరైన చోటనే పట్టుకున్నారు. నేను కాస్త ఎక్కువ సరళంగా చెప్పాను. 1ఏలో కొవ్వు లేకపోయినా టోపీ ఉంది, ఎస్‌హెచ్3, ఎస్‌హెచ్2 బిగింపు ఉంది, ఆ పైన కణంలోని ఇతర ప్రొటీన్ల అదుపు ఉంది. కనుక అది కూడా చాలావరకు నిద్రలోనే ఉంటుంది. గడియ ఒక్కటే ఊడితే ల్యూకీమియా రాదు.

వ్యాధిలో రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. 9, 22వ క్రోమోజోములు తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కున్నప్పుడు, ఏబీఎల్1 తన మొదటి ఎక్సాన్‌ను, అంటే టోపీని, కొవ్వును పోగొట్టుకుంటుంది. ఆ ఖాళీలోకి 22వ క్రోమోజోము మీది బీసీఆర్ అనే జన్యువు ముందుభాగం వచ్చి చేరుతుంది. ఆ బీసీఆర్ ముక్క మొదట్లో ఒకదానినొకటి పెనవేసుకునే స్వభావం గల చుట్ట ఉంటుంది. దానివల్ల నాలుగేసి అణువులు ఒకచోట గుమికూడి, పక్కపక్కన ఉన్న కైనేజ్‌లు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ పెట్టుకుంటూ మేలుకునే ఉంటాయి. ఆ చుట్టను తొలగిస్తే సంయుక్త ప్రొటీన్ శక్తి చాలావరకు పోతుందని ప్రయోగశాలలో చూపించారు. నా అభిప్రాయంలో ఇద్దరిలో పెద్ద ముద్దాయి బీసీఆరే.

సూక్ష్మదర్శిని

నేను సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల పరీక్ష) ప్రయోగశాలలో పనిచేస్తాను. మీరు చెప్పే మార్పును నేను రోజూ కంటితో చూస్తాను కనుక అది ఎలా కనిపిస్తుందో చెబుతాను.

జన్యువులు ఉన్న చోటును రంగులతో చూపే ఫిష్ పరీక్షలో ఏబీఎల్1 ఉన్న చోటికి ఎరుపు రంగు ప్రోబ్ (ఆ జన్యువుకే అతుక్కునే డీఎన్ఏ ముక్క), బీసీఆర్ ఉన్న చోటికి ఆకుపచ్చ ప్రోబ్ అతుక్కునేలా చేస్తాము. చీకటి గదిలో ఫ్లోరొసెంట్ మైక్రోస్కోపు కింద కేంద్రకం నీలంగా, నేరేడుపండంత గుండ్రంగా కనబడుతుంది. మామూలు కణంలో ఆ నీలంలో రెండు ఎర్ర చుక్కలు, రెండు పచ్చ చుక్కలు దూరదూరంగా ఉంటాయి. వ్యాధి ఉన్న కణంలో ఒక ఎర్ర చుక్క, ఒక పచ్చ చుక్క మాత్రమే విడిగా మిగిలి, మిగిలిన రెండు చోట్ల ఎరుపు, పచ్చ ఒకదానిపై ఒకటి పడి పసుపుపచ్చగా మెరుస్తాయి. 200 కేంద్రకాలు లెక్కపెట్టి నివేదిక రాస్తాము. ఒక్కొక్కసారి రెండు చుక్కలు యాదృచ్ఛికంగా పక్కపక్కన పడి పసుపుగా భ్రమ కలిగిస్తాయి. అప్పుడు ఫోకస్ కాస్త పైకీ కిందికీ తిప్పి చూస్తే అవి విడిపోతాయి. మొదటి ఏడాది ఆ తేడా పట్టడానికి నాకు చెమటలు పట్టాయి.

చరిత్ర కూడా రెండు ముక్కలలో చెబుతాను. పీటర్ నోవెల్ రక్తకణాలను ఒకసారి పంపునీటితో కడిగేశారు. ఆ నీటికి కణాలు ఉబ్బి, క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. తరువాత ఆయన, డేవిడ్ హంగర్‌ఫర్డ్ కలిసి 1960లో ఈ రోగులలో అసహజంగా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. ఊరి పేరుతో దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్న పేరు వచ్చింది. అప్పట్లో ఆ ముక్క ఊడి పోయిందనే అనుకున్నారు. 1973లో జానెట్ రౌలీ, ఇంట్లో భోజనాల బల్ల మీద క్రోమోజోముల ఫొటోలను కత్తిరించి వరుస పెట్టుకుంటూ, ఆ ముక్క పోలేదని, 9వ క్రోమోజోము చివరకు చేరిందని తేల్చారు.

దూరపు ఊళ్ల నుంచి నమూనాలు పంపేవారికి ఒక మనవి. ఫిష్‌కు హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టం, జన్యు నకళ్లను పెంచి లెక్కపెట్టే పీసీఆర్ పరీక్షకు ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత గొట్టం వాడాలి. హెపారిన్ పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది. ఒకసారి ఒక కేంద్రం నుంచి ఒకే ఒక్క ఆకుపచ్చ మూత గొట్టం వచ్చి, పీసీఆర్ కోసం ఆ పెద్దాయన మళ్లీ రాత్రంతా బస్సులో రావలసి వచ్చింది.

కేంద్రకవాసి

ఆరోగ్యంగా ఉన్న కణంలో పని ఏమిటన్న మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు కనుక ఆ వైపు వస్తాను. నా పరిశోధన విషయం ఇదే కావడం వల్ల కాస్త పొడుగవుతుంది, మన్నించాలి.

ఏబీఎల్1 ప్రత్యేకత ఏమిటంటే అది ఒకచోట స్థిరంగా ఉండదు. దాని తోకలో కేంద్రకంలోకి పొమ్మనే గుర్తులు మూడు, బయటికి రమ్మనే గుర్తు ఒకటి ఉన్నాయి. తోక చివరన, కణానికి ఆకారాన్నిచ్చే యాక్టిన్ తంతువులను పట్టుకునే భాగం ఉంది. అంటే ఒకే ప్రొటీన్ కణద్రవ్యంలో ఒక ఉద్యోగం, కేంద్రకంలో మరో ఉద్యోగం చేస్తుంది.

కణద్రవ్యంలో దాని పని ప్రధానంగా కణం ఆకారానికి, కదలికకు సంబంధించినది. కణం ఒక ఉపరితలాన్ని అంటుకున్నప్పుడు, ముందుకు పాకడానికి అంచును చాచినప్పుడు, నాడీకణం తన తంతువును ఎటు పొడిగించాలో తేల్చుకునేటప్పుడు, టీ-కణం అనే రక్షక కణం శత్రువును గుర్తించినప్పుడు, యాక్టిన్ జాలకాన్ని ఎక్కడ కట్టాలి, ఎక్కడ విప్పాలి అన్న నిర్ణయంలో ఏబీఎల్1 పాల్గొంటుంది. అది ఫాస్ఫేట్ పెట్టే ప్రొటీన్లలో క్రక్, క్రక్-ఎల్ అనేవి బాగా తెలిసినవి. పండుఈగలో కూడా ఇదే జన్యువు నాడీతంతువుల దారిని సరిదిద్దుతుందంటే ఈ ఉద్యోగం ఎంత పాతదో ఊహించవచ్చు.

కేంద్రకంలో పని దీనికి పూర్తిగా భిన్నమైనది. కణం విభజనకు ముందు విశ్రాంతి దశలో ఉన్నప్పుడు ఆర్‌బీ అనే ప్రొటీన్ వచ్చి దాని కైనేజ్ భాగాన్నే పట్టుకుని కూర్చుంటుంది; కణం డీఎన్ఏ నకలు తీయడానికి సిద్ధపడ్డాక వదులుతుంది. రేడియేషన్ వల్ల డీఎన్ఏ రెండు పోగులూ తెగితే, ఏటీఎం అనే మరో కైనేజ్ ఆ సంగతి పసిగట్టి ఏబీఎల్1 మీద ఫాస్ఫేట్ పెట్టి లేపుతుంది. లేచిన ఏబీఎల్1, నష్టం బాగుచేయలేనంత ఎక్కువైతే, పీ53కు (దెబ్బతిన్న కణాలను అదుపుచేసే ప్రొటీన్‌కు) తోబుట్టువైన పీ73 ద్వారా ఆ కణం తనంతట తాను చనిపోయే ఏర్పాటులో చేయి వేస్తుంది.

ఇప్పుడు కృష్ణాతీరం గారి విద్యార్థిని వినవలసిన అసలు సంగతి చెబుతాను. వ్యాధిని కలిగించే బీసీఆర్-ఏబీఎల్1 ఎప్పుడూ కణద్రవ్యంలోనే ఉంటుంది. అక్కడ ఉండి కణాన్ని చావనివ్వదు, విభజన ఆపనివ్వదు. 2001లో పాలో విన్యేరి, జీన్ వాంగ్ ఒక చమత్కారమైన ప్రయోగం చేశారు. ఇమాటినిబ్ ఇచ్చి కైనేజ్‌ను నిద్రపుచ్చితే ఆ ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లగలుగుతుంది. అప్పుడే మరో మందుతో కేంద్రకం నుంచి బయటికి వచ్చే దారి మూసివేసి, ఆ తరువాత ఇమాటినిబ్ తీసివేశారు. కేంద్రకంలో చిక్కుకున్న కైనేజ్ మళ్లీ మేలుకుని, తాను అంతవరకు కాపాడుకుంటూ వచ్చిన ఆ ల్యూకీమియా కణాలనే చంపింది. అదే ఎంజైము, అదే రసాయన చర్య. గది మారింది, ఫలితం తలకిందులైంది.

ఈ ఒక్క ప్రయోగం తెలిశాక ‘క్యాన్సర్ జన్యువు’ అన్న మాట నా నోట రావడం మానేసింది.

సందేహాల పుట్ట

అలాగైతే ఈ కిటుకునే మందుగా వాడవచ్చు కదా?

కేంద్రకవాసి

దారి మూయడానికి వాడిన లెప్టోమైసిన్ బీ ఒక్క ఈ ప్రొటీన్‌కే కాదు, కేంద్రకం నుంచి అదే ద్వారం గుండా బయటికి వచ్చే వందల ప్రొటీన్లకు దారి మూసేస్తుంది. మనిషికి ఇవ్వదగినంత సురక్షితం కాదు.

నాన్నగారి అమ్మాయి

నేను విజ్ఞానశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు, బ్యాంకులో పనిచేస్తాను. మా నాన్నగారికి 2014లో ఈ వ్యాధి అని చెప్పారు. ఎడమ డొక్క కింద బరువుగా ఉందని, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని అంటూ ఉంటే గ్యాస్ అనుకున్నాము. రక్తపరీక్షలో తెల్లకణాలు లక్షా ఎనభై వేలు వచ్చాయి. అప్పటి నుంచి రోజూ రాత్రి భోజనం మధ్యలో 400 మిల్లీగ్రాముల మాత్ర, పెద్ద గ్లాసు నీళ్లతో. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు ఉంటుంది, ఒంటి చాయ మునుపటికంటే తెల్లబడింది. పెళ్లిళ్లలో బంధువులు “బావగారు రంగు తేలారు” అని మెచ్చుకుంటూ ఉంటే ఆయన నవ్వి ఊరుకుంటారు. ఈసారి నివేదికలో బీసీఆర్-ఏబీఎల్1 0.06% అని వచ్చింది.

మీ చర్చ సగం అర్థమైంది, సగం కాలేదు. రెండు విషయాలు అడుగుతాను. ఇది నాకు, మా తమ్ముడికి వచ్చే అవకాశం ఉందా? ఆ 0.06 దేని లెక్క?

సూక్ష్మదర్శిని

అమ్మా, మొదటిదానికి జవాబు: ఇది వంశపారంపర్యంగా సంక్రమించదు. ఆ రెండు క్రోమోజోములు తెగి అతుక్కున్నది మీ నాన్నగారి ఎముక మూలగలోని ఒక్క మూలకణంలో, ఆయన పెద్దయ్యాక. బీజకణాలలో ఆ మార్పు లేదు కనుక ఆయన నుంచి మీకు వచ్చే దారి లేదు.

రెండవదానికి జవాబు: బీసీఆర్-ఏబీఎల్1 ఆర్ఎన్ఏ నకళ్లను మరో మామూలు జన్యువు నకళ్లతో పోల్చి, ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ ఒకే భాష మాట్లాడేలా అంతర్జాతీయ కొలమానానికి సర్దిన అంకె అది. 0.1% లేదా అంతకంటే తక్కువైతే దాన్ని ప్రధాన అణుస్థాయి ప్రతిస్పందన అంటారు. నాన్నగారు ఆ గీతకు కిందనే ఉన్నారు. ఒక చమత్కారం చెప్పనా: పోలికకు ఆధారంగా వాడే ఆ ‘మామూలు జన్యువు’ చాలా ప్రయోగశాలలలో ఏబీఎల్1 జన్యువే. ముద్దాయికి సాక్షి కూడా అదే అన్నమాట. అంకె కొంచెం అటూ ఇటూ ఊగడం సహజం కనుక, ఒక్క నివేదికను చూసి కంగారు పడకుండా మీ వైద్యులు వరుసగా వచ్చిన అంకెలను ఎలా చదువుతున్నారో అడగండి.

విశ్రాంత మాస్టారు

ఆమె చెప్పిన చాయ సంగతికి కారణం కూడా ఒక కైనేజే. ఇమాటినిబ్ ఏబీఎల్1తో పాటు కిట్ అనే కైనేజ్‌ను కూడా అడ్డుకుంటుంది. చర్మంలో రంగును తయారుచేసే కణాలకు కిట్ కావాలి.

కృష్ణాతీరం

అమ్మా, మీ నాన్నగారి క్షేమం విని సంతోషం. మీ మాటలతో నా రెండవ ప్రశ్న మరింత పదునెక్కింది. పదేళ్లకు పైగా ఆయన ఏబీఎల్1ను అడ్డుకునే మందు వేసుకుంటున్నారు. కేంద్రకవాసి గారు చెప్పిన పనులన్నీ అంత ముఖ్యమైనవైతే, ఆయనకు ఏమీ కాకపోవడం ఎలా?

ఎలుకబోను

దీనికి జవాబు సులభం. ఏబీఎల్1కు ఏబీఎల్2 అనే తోబుట్టువు ఉంది, అది ఆ పనిని భర్తీ చేస్తుంది. 1991లో ఏబీఎల్1 లేని ఎలుకలను తయారుచేస్తే అవి చిన్నగా పుట్టి, లింఫ్ కణాలు తగ్గి, చాలావరకు పుట్టిన కొద్ది వారాలకే చనిపోయాయి గాని, పిండంగా ఉన్నప్పుడు మాత్రం నిలదొక్కుకున్నాయి. 1998లో రెండింటినీ తీసివేస్తే నాడీనాళం సరిగా మూసుకోక గర్భంలోనే చనిపోయాయి. అంటే ఒకటి లేనప్పుడు రెండవది ఆదుకుంటుంది.

కేంద్రకవాసి

ఎలుకబోను గారు, మీ ఎలుకల సమాచారం సరైనదే గాని, ఈ ప్రశ్నకు అది జవాబు కాదు. ఇమాటినిబ్ ఏబీఎల్2ను కూడా అడ్డుకుంటుంది. ఇద్దరినీ ఒకేసారి కట్టేసినప్పుడు ఒకరు మరొకరిని ఎలా ఆదుకుంటారు?

నాకు తోచిన కారణాలు వేరు. జన్యువును తీసివేయడం, ఎంజైమును మందుతో అణచడం ఒకటి కావు. మందు మోతాదుకు మోతాదుకు మధ్య రక్తంలో తగ్గుతుంది, కొంత కైనేజ్ ఎప్పుడూ స్వేచ్ఛగా మిగిలి ఉంటుంది, పైగా మెదడులోకి ఇమాటినిబ్ చాలా తక్కువగా చేరుతుంది. ప్రొటీన్ ఉండడమే కొన్ని పనులకు సరిపోతుంది. యాక్టిన్‌ను పట్టుకోవడానికి కైనేజ్ శక్తి అక్కరలేదు. అన్నింటికంటే ముఖ్యమైనది వయస్సు. పిండం శరీరాన్ని కట్టే రోజులలో ఈ కైనేజ్ అవసరం వేరు, కట్టడం పూర్తయిన పెద్దవారిలో వేరు. గర్భిణులకు ఇమాటినిబ్ ఇవ్వకూడదని వైద్యులు గట్టిగా చెప్పడం ఈ చిత్రానికి సరిపోతుంది. 2017లో మరో వైపు నుంచి సాక్ష్యం దొరికింది: పుట్టుకతోనే ఏబీఎల్1లో కొన్ని మార్పులు ఉండి, కైనేజ్ అతిగా పనిచేసే కుటుంబాలలో గుండె లోపాలు, ఎముకల లోపాలు కనిపించాయి, ల్యూకీమియా కాదు. ఎక్కువైనా తక్కువైనా ముందుగా దెబ్బతినేది శరీర నిర్మాణమే.

ఎలుకబోను

ఒప్పుకుంటున్నాను. ఏబీఎల్2 మీద కూడా మందు పనిచేస్తుందన్న సంగతిని నేను పట్టించుకోలేదు.

అణునిర్మాణం

మందు ప్రస్తావన వచ్చింది కనుక గడియ కథను పూర్తిచేస్తాను. నికొలస్ లైడన్ తదితరులు తయారుచేయగా, బ్రయాన్ డ్రూకర్ పట్టుదలతో 1998లో రోగుల మీద పరీక్షలు మొదలైన ఇమాటినిబ్, 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మంది రక్తకణాల లెక్కను మామూలు స్థితికి తెచ్చింది. 2001 మేలో అమెరికాలో అనుమతి పొందింది. అది ఏటీపీ కూర్చునే చోటనే కూర్చుంటుంది, అయితే కైనేజ్ నిద్ర భంగిమలో ఉన్నప్పుడు మాత్రమే ఆ చోట ఇముడుతుంది. చాలా దగ్గర చుట్టమైన సర్క్ కైనేజ్‌ను అది అంతగా పట్టుకోలేకపోవడానికి ఆ భంగిమల తేడా ఒక కారణమని చెబుతారు.

ఆ చోటి వాకిట్లో 315వ స్థానంలో ఒక థ్రియోనిన్ ఉంటుంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం, ‘సీ’ పోయి ‘టీ’ వస్తే, ఆ థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వస్తుంది. మందు పట్టుకునే హైడ్రోజన్ బంధం పోతుంది, పైగా ఐసోల్యూసిన్‌లోని లావుపాటి పరమాణువుల గుంపు దారికి అడ్డంగా నిలుస్తుంది. ఏటీపీకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. 2001లోనే మందు పనిచేయడం మానేసిన రోగులలో టీ315ఐ అనే ఈ మార్పు కనబడింది. తరువాత వచ్చిన డసాటినిబ్, నిలోటినిబ్ కూడా దీని ముందు ఓడిపోయాయి. 2012లో వచ్చిన పొనాటినిబ్ గెలిచింది గాని రక్తనాళాలు పూడుకునే ప్రమాదాన్ని వెంట తెచ్చింది.

నాకు అన్నింటికంటే అందంగా తోచేది 2021లో అనుమతి పొందిన అసిమినిబ్. బీసీఆర్-ఏబీఎల్1 టోపీని పోగొట్టుకున్నప్పుడు కొవ్వు కొస పోయింది గాని, అది దూరే గుంట మాత్రం కైనేజ్ అడుగున ఖాళీగా మిగిలి ఉంది. అసిమినిబ్ ఏటీపీ జోలికి పోకుండా నేరుగా ఆ గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది. హెలిక్స్ మళ్లీ వంగుతుంది, కైనేజ్ మళ్లీ బిగుసుకుంటుంది. వాకిట్లో 315వ స్థానం ఎలా మారినా దానికి పెద్ద లెక్క లేదు గాని, టీ315ఐ ఉన్నప్పుడు మోతాదు బాగా పెంచవలసి ఉంటుంది.

నాన్నగారి అమ్మాయి

ఆ మందులన్నీ మాకు అందే ధరలో ఉంటాయా అన్నది మా భయం. ఇమాటినిబ్ మొదట్లో నెలకు లక్ష పైమాటేనట కదా?

విశ్రాంత మాస్టారు

ఇమాటినిబ్ విషయంలో మనకు మేలు జరిగింది. హైదరాబాద్‌లోని నాట్కో 2003లోనే దాని జెనరిక్ రూపాన్ని తెచ్చింది. ఆ మందును మొదట తెచ్చిన నోవార్టిస్ సంస్థ కోరిన పేటెంటును పేటెంటు చట్టం సెక్షన్ 3(డీ) కింద తిరస్కరించడాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న సమర్థించింది. కొత్త మందుల సంగతి వేరు.

నిర్వాహకుడు

ధరల చర్చకు వేరే శీర్షిక ఉంది. ఇక్కడ జన్యువు మీదనే ఉందాం.

సూక్ష్మదర్శిని

అమ్మాయి గారికి ఒక మాట మాత్రం చెప్పాలి. అణుస్థాయిలో వ్యాధి జాడే దొరకని స్థితి రెండేళ్లకు పైగా నిలిచిన రోగులలో మాత్ర ఆపి చూసిన ఫ్రెంచి పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. ఏడాది తరువాత సుమారు నూటికి 40 మందిలో వ్యాధి తిరిగి రాలేదు. 0.06% ఆ స్థితి కాదు, కనుక నాన్నగారు సొంతంగా మాత్ర ఆపకూడదు. మాత్ర ఆపినవారికి కూడా పరీక్షలు ఆగవు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నోట్సులో ఆ వాక్యాన్ని కొట్టివేసి ఇలా రాశాను, సరిచూడగలరు:

‘ఏబీఎల్1, 9వ క్రోమోజోము మీద ఉండే ఒక టైరోసిన్ కైనేజ్ జన్యువు. దీని ప్రొటీన్ ఎక్కువకాలం తనను తాను బిగించుకుని నిద్రలో ఉంటుంది. మేలుకున్నప్పుడు కణద్రవ్యంలో యాక్టిన్ జాలకాన్ని సర్దడంలోను, కేంద్రకంలో డీఎన్ఏ నష్టానికి స్పందించడంలోను పాల్గొంటుంది. మూలగలోని ఒక మూలకణంలో ఈ జన్యువు తన మొదటి ఎక్సాన్‌ను పోగొట్టుకుని బీసీఆర్ జన్యువుతో అతుక్కున్నప్పుడు, బిగింపు లేని కొత్త ప్రొటీన్ పుట్టి, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకీమియాకు కారణమవుతుంది.’

సందేహాల పుట్ట

‘బిగింపు లేని’ అంటే మళ్లీ మొదటి తప్పే వస్తుంది. ఎస్‌హెచ్3, ఎస్‌హెచ్2 ఇంకా ఉన్నాయని, చుట్ట లేకపోతే శక్తి పోతుందని అణునిర్మాణం గారే చెప్పారు. ‘బిగింపు సడలి, ఒకదానితో ఒకటి పెనవేసుకునే’ అని రాయండి.

కృష్ణాతీరం

మార్చాను. సోమవారం మొదటి పీరియడ్‌లో ఆ అమ్మాయి చేతనే చదివిస్తాను.